సెల్ఫ్ తిరుగుతుంది, ఇంజన్ అందుకోదు

(పాత కార్లను సొంతంగా చూసుకునేవారి సమావేశంలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్ళకి వినపడుతోందా? సరే. వినపడకపోతే చెయ్యెత్తండి, అరుస్తాను. నాకు అలవాటే. కంప్రెసర్ పక్కన నిలబడి మాట్లాడీ మాట్లాడీ నా గొంతు ఇలా తయారైంది.

బయట నేను తెచ్చిన పాత కారు చూశారు కదా? కార్బొరేటర్ బండి, అంటే గాలిలో పెట్రోలు కలిపే పాత పద్ధతిది. పాయింట్ల బండి, అంటే కాయిల్ కరెంటుని కలుపుతూ తెంచుతూ నిప్పు పుట్టించే చిన్న స్విచ్ ఉన్నది. పొద్దున్న నడుపుకుంటూనే వచ్చాను. లోపలికి వచ్చేముందు దానికి నేనే ఒక రోగం పెట్టాను. ఇప్పుడు తాళం తిప్పితే సెల్ఫ్ శుభ్రంగా తిరుగుతుంది, ఇంజన్ మాత్రం అందుకోదు. ఏం చేశానో చెప్పను. నా మాటలు అయ్యాక మీరే వెళ్ళి పట్టుకోవాలి. అందుకని నిద్రపోకండి.

ఇప్పుడు మిమ్మల్ని ఒకటి అడుగుతాను. మీ కారు సెల్ఫ్ తిరుగుతోంది, స్టార్ట్ కావడం లేదు. మొదట ఏం చేస్తారు? చెప్పండి. ప్లగ్గులు మారుస్తారా? సరే. మీరు? కాయిల్. ఆయన? పెట్రోల్ పంపు అంటున్నారు. చూశారా, ముగ్గుర్ని అడిగితే మూడు సామాన్ల పేర్లు చెప్పారు. ఒక్కరు కూడా ఒక పరీక్ష పేరు చెప్పలేదు! నవ్వకండి, నేనూ చాలా ఏళ్ళు ఇదే పని చేశాను. సామాను మార్చడం మనకి పని చేసినట్టు అనిపిస్తుంది. చేతులకి మసి అవుతుంది, తృప్తిగా ఉంటుంది. కారు మాత్రం అక్కడే ఉంటుంది.

ఇవాళ నేను చెప్పేది చాలా చిన్న విషయం. ఇంజన్ స్టార్ట్ కానప్పుడు, సరిగ్గా ఆ కానప్పుడే, ఏది రావడం లేదో చూడాలి. నిన్న ఏది వచ్చిందో కాదు, తాళం ఆన్‌లో పెట్టి వదిలేస్తే ఏది వస్తుందో కాదు. సెల్ఫ్ తిరుగుతుండగా ఏది రావడం లేదు? ఈ మాట ఇంకో పదిసార్లు అంటాను, విసుక్కోకండి.

పెట్రోల్ ఇంజన్‌కి ఏం కావాలో అందరికీ తెలుసు. గాలి, పెట్రోలు, నిప్పు అంటే ప్లగ్గులో స్పార్కు, కంప్రెషన్ అంటే సిలిండర్లో నొక్కుకుపోయిన గాలి ఒత్తిడి. ఇవన్నీ సరైన సమయానికి కావాలి. 1876లో నికొలస్ ఆటో అనే జర్మన్ నాలుగు స్ట్రోకుల ఇంజన్ నడిపినప్పుడు ఇవే, మీ కారుకీ ఇవే. సెల్ఫ్ తిప్పేటప్పుడు ఇంజన్ నిమిషానికి సుమారు 200 చుట్లు తిరుగుతుంది. ఆ కాస్త వేగంలో ఇవన్నీ ఒక్కసారి కలిస్తే చాలు, అందుకుంటుంది.

బానెట్ ఎత్తడానికి ముందు చెవి. అవును, చెవి. కిటికీ దించి, పాట ఆపి, సెల్ఫ్ కొట్టి వినండి. మంచి ఇంజన్ సెల్ఫ్ మీద ఎలా తిరుగుతుంది? డుగ్, డుగ్, డుగ్, డుగ్. ఒక్కో సిలిండర్ కంప్రెషన్ మీదికి వచ్చినప్పుడల్లా సెల్ఫ్ కొంచెం కష్టపడుతుంది, ఆ కష్టమే ఆ లయ. ఒక డుగ్ లేకపోతే ఒక సిలిండర్లో కంప్రెషన్ పోయింది. అన్ని డుగ్‌లూ పోయి, సెల్ఫ్ హాయిగా, ఎప్పటికంటే వేగంగా, మిక్సీలాగా "జ్‌ర్‌ర్" అని తిరిగితే? చెయ్యి తీసెయ్యండి. వెంటనే తీసెయ్యండి. వాల్వుల్ని వేళకి తెరిచే క్యామ్‌ని తిప్పే టైమింగ్ బెల్ట్ తెగి ఉండొచ్చు. కొన్ని ఇంజన్లలో బెల్ట్ తెగితే పిస్టన్ వెళ్ళి వాల్వుని గుద్దుతుంది. "ఇంకొక్కసారి చూద్దాం" అని కొట్టిన కొద్దీ ఇంకో వాల్వు వంగుతుంది. అది బెల్ట్ అవునా కాదా తేల్చుకోవడం తేలిక. ఆయిల్ పోసే మూత తీసి లోపలికి చూస్తూ, ఒక్కటంటే ఒక్క క్షణం సెల్ఫ్ కొట్టించండి. క్యామ్‌గానీ రాకర్లుగానీ కదులుతున్నాయా? కదలకపోతే మిగతా ప్రసంగం మీకు అక్కర్లేదు, వెళ్ళి టీ తాగండి.

పూర్వం హ్యాండిల్ పెట్టి ఇంజన్ తిప్పేవాళ్ళకి ఈ కంప్రెషన్ సంగతి చేతికే తెలిసిపోయేది. 1912 మోడల్ క్యాడిలాక్‌తో కంపెనీ నుంచే ఎలక్ట్రిక్ సెల్ఫ్ రావడం మొదలైంది. అప్పట్నుంచి మన చెయ్యి మర్చిపోయింది. చెవైనా మిగుల్చుకుందాం.

చెవి తర్వాత ఏం? జ్ఞాపకం. చివరిసారి ఈ ఇంజన్లో ఎవరు చెయ్యి పెట్టారు? ఎందుకు పెట్టారు? నిన్న ప్లగ్ వైర్లు మార్చి ఇవాళ స్టార్ట్ కాలేదంటే పంపు పాడైందని వెతకడం ఏం తెలివి? నాలుగు సిలిండర్ల బళ్ళలో ఎక్కువ వాటికి ఫైరింగ్ ఆర్డర్, అంటే సిలిండర్లకి నిప్పు అందే వరస, 1-3-4-2, కొన్నిటికి 1-2-4-3. రెండు వైర్లు అటుదిటైతే చాలు. కార్బొరేటర్లోంచి తుమ్ముతోందా, సైలెన్సర్లో పేలుతోందా? అయితే నిప్పు ఉంది, పెట్రోలూ ఉంది, వేళే తప్పింది. నిప్పుని వరసగా ప్లగ్గులకి పంచే డిస్ట్రిబ్యూటర్ తీసి మళ్ళీ పెట్టినవాళ్ళు దాన్ని సగం చుట్టు తప్పుగా పెడితే ఇదే జరుగుతుంది. ఇక్కడ ఎవరో తల దించుకున్నారు! పర్వాలేదండీ, నేను రెండుసార్లు పెట్టాను అలా.

ఇంకో సంగతి, పెట్రోలు ఉందా? నవ్వుతారు. పాత కార్ల ముల్లు అబద్ధం ఆడుతుంది. నెలల తరబడి కదలని కారైతే ఉన్న పెట్రోలు పెట్రోలేనా? వాసన చూడండి. పుల్లగా, వార్నిష్‌లాగా కొడుతుంటే అది కాలేది కాదు.

సరే, ఇప్పుడు బానెట్ ఎత్తుదాం. ఒక్క పరీక్ష చేసి దారిని రెండుగా చీల్చుకోవాలి, నిప్పు లేదా, పెట్రోలు లేదా అని. ఎలా? పది సెకన్లు సెల్ఫ్ కొట్టి, వెంటనే ఒక ప్లగ్గు విప్పండి. తడిగా ఉండి గుప్పుమని పెట్రోలు వాసన వస్తే పెట్రోలు వస్తోంది, నిప్పు మీద అనుమానం. ఎండు కట్టెలా పొడిగా ఉంటే నిప్పు సంగతి తర్వాత, ముందు పెట్రోలు. ఇంకో పద్ధతి ఉంది. ఎయిర్ ఫిల్టర్ విప్పి లోపలికి స్టార్టింగ్ స్ప్రే ఒక్క చిటికెడు కొట్టి, ఫిల్టర్ మళ్ళీ బిగించి, అప్పుడు సెల్ఫ్ కొట్టండి. బిగించకుండా కొట్టొద్దు. వెనక్కి పేలితే మంట పైకి లేస్తుంది, మీ కనుబొమ్మలు పోతాయి. మంటలార్పే సిలిండర్ చేతికి అందేలా ఉండాలి. రెండు సెకన్లు అందుకుని ఆగిపోయిందా? నిప్పు ఉంది, కంప్రెషన్ ఉంది, వేళ కూడా దాదాపు సరే. లేనిది పెట్రోలే. ఉలుకూ పలుకూ లేదా? నిప్పు వైపు నడవండి.

నిప్పు దగ్గర కాసేపు కూర్చుంటాను. ఎందుకంటే పాయింట్ల బళ్ళలో నేను ఎక్కువసార్లు ఓడిపోయింది ఇక్కడే.

నిప్పు ఉందో లేదో ఎలా చూస్తారు? వైరు చేత్తో పట్టుకుని... ఎవరన్నారది? వద్దు బాబూ. ఇరవై వేల వోల్టుల పైమాట. ఒక పాత ప్లగ్గుని వైరుకి తగిలించి, ప్లగ్గు ఒంటిని ఇంజన్ ఇనుముకి క్లిప్పుతో ఎర్త్ చేసి, దూరంగా నిలబడి చూడండి. పెట్రోలు కారుతున్నచోట ఈ పని చెయ్యొద్దు. ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ అయితే వైరుని ఉత్తినే గాల్లో వదిలి సెల్ఫ్ కొట్టొద్దు, మాడ్యూల్ మాడిపోవచ్చు. నీలంగా, టకటకమని పడితే మంచిది. పసుపుపచ్చగా, నీరసంగా పడితే అది బయట గాల్లో పడుతోంది గానీ లోపల కంప్రెషన్లో పడకపోవచ్చు. సిలిండర్లో ఒత్తిడి పెరిగేకొద్దీ నిప్పు దూకడం కష్టం. "నిప్పు వస్తోందండీ" అని నాతో ఎంతమంది అన్నారో. నిప్పు వస్తోంది సరే, ఎలాంటి నిప్పు?

అసలు లేనప్పుడు, కాయిల్ దగ్గరికి రండి. బ్యాటరీ కరెంటుని వేల వోల్టులకి పెంచే ఈ కాయిల్‌కి రెండు సన్న వైర్లు ఉంటాయి. ఒకటి తాళం నుంచి వచ్చే ప్లస్, ఇంకోటి పాయింట్లకి వెళ్ళే మైనస్. 12 వోల్టుల టెస్ట్ బల్బు తీసుకుని ఒక కొస ఎర్త్‌కి పెట్టి, ఇంకో కొస ప్లస్‌కి పెట్టండి. తాళం ఆన్ చేస్తే వెలిగింది. సంతోషమా? ఇప్పుడు సెల్ఫ్ కొట్టండి. ఆరిపోయిందా? అదుగో! ఇగ్నిషన్ స్విచ్ ఆన్‌లో కరెంటు ఇస్తుంది, స్టార్ట్‌లో ఇవ్వదు. లోపల పలక అరిగిపోయి ఉంటుంది. ఆన్‌లో పెట్టి మీటరుతో చూసిన మెకానిక్ "అన్నీ బాగున్నాయి" అని రాసి వెళ్ళిపోతాడు. సెల్ఫ్ తిరుగుతుండగా చూడాలి అని అందుకే అన్నాను. ఇది రెండోసారా, మూడోసారా చెప్పడం?

దీనికి అన్నదమ్ముడు ఇంకోటి ఉంది. సెల్ఫ్ కొడుతున్నంతసేపూ ఇంజన్ అందుకుంటుంది, తాళం వదలగానే టక్కున చస్తుంది. ఎంతమంది చూశారు ఇది? చాలామందే. పాత బళ్ళలో కొన్నిటికి కాయిల్ ముందు ఒక బ్యాలస్ట్ రెసిస్టర్ ఉంటుంది. సెల్ఫ్ బ్యాటరీని పీల్చేస్తుంది కదా, అందుకని స్టార్ట్‌లో రెసిస్టర్‌ని తప్పించి నేరుగా కాయిల్‌కి కరెంటు ఇస్తారు, వదిలాక రెసిస్టర్ గుండా ఇస్తారు. రెసిస్టర్ మాడిపోతే స్టార్ట్‌లో నిప్పు ఉంటుంది, ఆన్‌లో ఉండదు. ఇందాకటి దానికి సరిగ్గా తిరగేసి. రోగం తనే పేరు చెప్పుకుంటోంది, మనం వినాలంతే.

బల్బుని ఇప్పుడు మైనస్‌కి మార్చండి. సెల్ఫ్ కొడితే బల్బు మిణుకు మిణుకుమనాలి. ఎంత వేగంగా? లెక్క వేద్దాం. నిమిషానికి 200 చుట్లు, నాలుగు సిలిండర్లు అంటే చుట్టుకి రెండు నిప్పులు, నిమిషానికి 400. సెకనుకి ఆరో ఏడో. మిణుకుతోందంటే పాయింట్లు తమ పని చేస్తున్నాయి, అనుమానం కాయిల్ మీదికీ, పాయింట్లకి తోడుండే కండెన్సర్ మీదికీ, డిస్ట్రిబ్యూటర్ మూత అంటే క్యాప్ మీదికీ పోతుంది. నిలకడగా వెలుగుతోందంటే పాయింట్లు మూసుకోవడం లేదు, లేదా మూసుకున్నా కలవడం లేదు. అసలు వెలగకపోతే పాయింట్లు విడవడం లేదు, లేదా ఆ వైరు ఎక్కడో ఎర్త్‌కి తగులుతోంది. ఇంత చెప్పే బల్బు ఇంకేం ఉంది?

నెలల తరబడి నిలబెట్టిన బండికి పాయింట్ల మీద సన్నటి పొర పడుతుంది. కంటికి కనపడదు, కరెంటుకి అడ్డం. సన్నని ఫైలుతో రెండు లాగులు లాగి, తెల్ల కాగితం మధ్యలో పెట్టి లాగితే పోతుంది. గ్యాప్ చాలా బళ్ళలో 0.4 మిల్లీమీటర్ల దగ్గర్లో ఉంటుంది, మీ బండి పుస్తకం చూసుకోండి. కొలిచేటప్పుడు పాయింట్ మడమ, అంటే డిస్ట్రిబ్యూటర్ క్యామ్‌కి ఆనే భాగం, ఆ క్యామ్ శిఖరం మీద ఉండాలి. ఎక్కడ పడితే అక్కడ కొలిచి సరిచేస్తే ఉన్న గ్యాప్ కూడా పోతుంది.

ఇప్పుడు నా ఓటమి కథ. ఒక బండికి నిప్పు లేదు. బల్బు మిణుకుతోంది. కాయిల్ మధ్య వైరు దగ్గర చూస్తే నిప్పు నీలంగా ఉంది. ప్లగ్గుల దగ్గర లేదు. అంటే మధ్యలో ఏముంది? క్యాప్, దాని లోపల తిరుగుతూ నిప్పుని పంచే రోటర్, అంతే. క్యాప్ విప్పి చూశాను, పగులు లేదు, పెన్సిల్ గీతలాంటి కార్బన్ చార లేదు, మధ్యలో బొగ్గు ముక్క ఉంది. రోటర్ వారం క్రితం నేనే కొత్తది వేశాను. కొత్తది కాబట్టి దాని వంక చూడలేదు. కాయిల్ మార్చాను, వైర్లు మార్చాను, క్యాప్ కూడా మార్చాను. రెండు రోజులు! చివరికి విసుగొచ్చి పాత రోటర్ తుడిచి పెడితే ఒక్క చుట్టుకి అందుకుంది. కొత్త రోటర్లో ఇత్తడి రేకుని పట్టుకునే రివెట్ కింద ప్లాస్టిక్ పల్చగా ఉంది, నిప్పంతా దాని గుండా షాఫ్టులోకి దిగిపోతోంది. ఇది పట్టుకోవడానికి రెండు రోజులు అక్కర్లేదు, రెండు నిమిషాలు చాలు. కాయిల్ మధ్య వైరుని ఇన్సులేషన్ ఉన్న ప్లయర్‌తో పట్టుకుని రోటర్ ఇత్తడికి కాస్త ఎడంగా పెట్టి సెల్ఫ్ కొట్టించండి. నిప్పు వరసగా రోటర్ మీదికి దూకుతుంటే అది ఎర్త్ అవుతోంది. మంచి రోటర్ మీదికి అలా దూకదు, దానికి పోయే దారి లేదు కాబట్టి. అప్పట్నుంచి నా దగ్గర కొత్త సామాను అంటే పరీక్షించని సామాను. పాతవి బాగున్నవి పారెయ్యను, డిక్కీలోనే ఉంటాయి.

ఇంకొకటి, బ్యాటరీ. "సెల్ఫ్ తిరుగుతోంది కదా, బ్యాటరీ బాగానే ఉంది" అంటారు. తిరిగితే సరిపోదు. నిండా ఉన్న బ్యాటరీ ఊరకే ఉన్నప్పుడు 12.6 వోల్టులు చూపిస్తుంది. సెల్ఫ్ తిరుగుతుండగా కొలిస్తే 10కి దగ్గర్లో అయినా నిలబడాలి. బాగా కిందికి పడిపోతే సెల్ఫ్ ఈడ్చుకుంటూ తిరుగుతుంది గానీ కాయిల్‌కి మిగిలేది లేదు.

ఇంజెక్షన్ ఉన్న, అంటే కంప్యూటర్ పెట్రోలు చిమ్మించే, పాత బళ్ళ వాళ్ళు నా వంక గుర్రుగా చూస్తున్నారు. వస్తున్నా. మీకు పాయింట్లు లేవు, క్రాంక్ సెన్సర్ ఉంది. సెల్ఫ్ కొడుతూ ఆర్‌పీఎం ముల్లు చూడండి. చాలా బళ్ళలో అది కొంచెం లేచి వణకాలి. సున్నా దగ్గర శిలలా ఉంటే, ఇంజన్ తిరుగుతోందన్న సంగతి కంప్యూటర్‌కి తెలియదేమో. తెలియకపోతే నిప్పూ ఇవ్వదు, పెట్రోలూ ఇవ్వదు. ఈ సెన్సర్‌కి ఒక చెడ్డ బుద్ధి ఉంది, వేడెక్కితే పోతుంది, చల్లారితే వస్తుంది. కారుని లాక్కెళ్ళి మెకానిక్‌కి చూపించేసరికి చల్లారి, చక్కగా స్టార్ట్ అవుతుంది. మీరు అబద్ధం చెప్పారనుకుంటాడు. అది చచ్చినచోటే చూడాలి. డ్యాష్‌బోర్డు మీద తాళం గుర్తు మినుకుతుంటే వేరే తాళం చెవికి స్టార్ట్ కానివ్వని ఇమ్మొబిలైజర్ సంగతి, ముందు ఇంకో తాళం చెవి తెచ్చి చూడండి.

ఇక పెట్రోలు. కార్బొరేటర్ అయితే ఇంజన్ ఆపి ఉండగా పై నుంచి లోపలికి చూస్తూ యాక్సిలరేటర్ లివర్ లాగండి. సన్నటి ధార చిమ్మాలి. చిమ్మితే కార్బొరేటర్ గిన్నెలో పెట్రోలు ఉంది. లేకపోతే పంపు నుంచి వచ్చే గొట్టం విప్పి సీసాలో పెట్టి సెల్ఫ్ కొట్టించండి, ఉండి ఉండి ధారగా రావాలి. రాకపోతే పంపు డయాఫ్రమో, మధ్యలో ఫిల్టరో, చీలిన రబ్బరు గొట్టమో. ట్యాంకుకీ పంపుకీ మధ్య చీలిన గొట్టం బయటికి కారదు, గాలి పీలుస్తుంది, అందుకే దొరకదు. గొట్టంలో పుష్కలంగా వచ్చి గిన్నెలోకి దిగకపోతే గిన్నెలోకి పెట్రోలు వదిలే నీడిల్ అంటుకుపోయింది.

ఇంజెక్షన్ అయితే తాళం ఆన్ చెయ్యగానే వెనక ట్యాంకు దగ్గర రెండు సెకన్లు "ఊం" అని వినిపించాలి. వినిపించకపోతే ఫ్యూజు, రిలే, పంపు, ఈ వరసలో చూడండి. వినిపించినా ప్రెషర్ ఉందని నమ్మకం లేదు. ఒక్కో సిలిండర్‌కి ఒక్కో ఇంజెక్టర్ ఉండే మల్టీపాయింట్ బళ్ళలో చాలావాటికి 2.5 నుంచి 3 బార్ కావాలి, గేజ్ పెడితేనే తెలుస్తుంది.

పెట్రోలు ఎక్కువైనా కష్టమే. ఓవర్‌ఫ్లో అయిందనుకోండి, ప్లగ్గులు మునిగాయి. యాక్సిలరేటర్ నేలకి అదిమి పట్టుకుని సెల్ఫ్ కొట్టండి. తొక్కి వదలడం, తొక్కి వదలడం కాదు. అలా తొక్కిన ప్రతిసారీ కార్బొరేటర్ ఇంకో ధార పోస్తుంది. అదిమి పట్టుకోండి, గాలి నిండి ఆరుతుంది. ఇంజెక్షన్ బళ్ళలో కూడా చాలావాటిలో అలా పూర్తిగా తొక్కి సెల్ఫ్ కొడితే కంప్యూటరే పెట్రోలు ఆపేస్తుంది. చల్లటి ఇంజన్ మాటిమాటికీ మునుగుతుంటే నీళ్ళ టెంపరేచర్ సెన్సర్ చూడండి, అది తెగితే కంప్యూటర్ మంచుకొండల్లో ఉన్నాననుకుని పోస్తూనే ఉంటుంది. ఒక్కోసారి పది, పదిహేను సెకన్లకి మించి సెల్ఫ్ కొట్టొద్దు, మధ్యలో నిమిషం ఆగండి. సెల్ఫ్ మోటారు కాలిపోతే అప్పుడు మన ప్రసంగం పేరు కూడా మార్చుకోవాలి.

నిప్పూ ఉంది, పెట్రోలూ ఉంది, వేళా సరే, అయినా రాలేదు. అప్పుడు కంప్రెషన్ గేజ్. ప్లగ్గులన్నీ విప్పి, కాయిల్ కనెక్షన్ తీసి, పెట్రోలు ఆపి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి కొలవాలి. తొక్కకపోతే గాలి వెళ్ళదు, మంచి ఇంజన్ కూడా చచ్చినట్టు చూపిస్తుంది. తక్కువ వస్తే చెంచాడు ఆయిల్ పోసి మళ్ళీ కొలవండి. పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులు. ఓవర్‌ఫ్లో అయి అయి సిలిండర్ గోడ మీద ఆయిల్ కడిగేసుకుపోయినా తక్కువే చూపిస్తుంది, ఆ చెంచాడు ఆయిల్‌తోనే బండి స్టార్ట్ అయిన రోజులూ ఉన్నాయి.

డీజిల్ గురించి అడుగుతున్నారా? దానికి నిప్పు పని లేదు, కాబట్టి పని సగం. చల్లటి ఇంజన్‌లో వేడి పుట్టించే గ్లో ప్లగ్గులకి కరెంటు వస్తోందా, పంపు మీద డీజిల్ దారి తెరిచే స్టాప్ సాలెనాయిడ్ టక్ మంటోందా, లైన్లో గాలి చేరిందా. గ్లో ప్లగ్గులున్న డీజిల్‌కి స్టార్టింగ్ స్ప్రే మాత్రం కొట్టొద్దు, ఎర్రగా కాలుతున్న ప్లగ్గు మీద పడితే వేళ కాని వేళ పేలుతుంది. మిగతాది ఇంకోసారి కూర్చుందాం, దానికో సాయంత్రం కావాలి.

ఇక లేవండి, బయటికి వెళ్దాం. ఇదిగో తాళం. ఇదిగో టెస్ట్ బల్బు, ఒక పాత ప్లగ్గు, ఒక స్పానర్. ఇంతకంటే సామాన్లు ఇవ్వను. ఇందాక కాయిల్ మారుస్తానన్నారు చూడండి, మీరు లోపల కూర్చోండి. బానెట్ ఎవరూ ఎత్తొద్దు, ఇంకా కాదు. ఆయన తాళం తిప్పుతారు, మిగతావాళ్ళు ఏం మాట్లాడకుండా వినండి. డుగ్‌లు లెక్కపెట్టండి.